కారు ఇంజిన్‌లో ఆయిల్ మడ్డి: కిలోమీటర్ల లెక్క ఎక్కడ తప్పుతోంది

సంక్షిప్తంగా: పాడైన ఇంజిన్ ఆయిల్ నీరు, మసి, కాలని పెట్రోలుతో కలిసి నల్లటి జిగురుగా పేరుకుంటే దాన్నే మడ్డి (స్లడ్జ్) అంటారు. తిరిగిన దూరం కన్నా ఇంజిన్ నడిచిన గంటలు, చల్లగా మొదలై చల్లగానే ముగిసిన ప్రయాణాలు, ఆయిల్ భరించిన వేడి దీనికి ఎక్కువ కారణం. కాబట్టి సిటీలో తిరిగే కారుకూ హైవే మీద పరిగెత్తే కారుకూ ఒకే 10,000 కిలోమీటర్ల గడువు సరిపోదు. తొలి దశలో త్వరత్వరగా ఆయిల్, ఫిల్టర్ మారిస్తే చాలు. ముదిరితే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ దించి కడగాల్సిందే.

సర్వీస్ బుక్కు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అంటుంది. వీధి చివరి మెకానిక్ 5,000కే మార్చమంటాడు. సింథటిక్ ఆయిల్ అమ్మేవాడు 15,000 దాకా ఢోకా లేదంటాడు. దీనికి తోడు బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిళ్లు, చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లు, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు వచ్చాక కారు యజమానుల సందేహాలు మరిన్ని పెరిగాయి. ఈ ముగ్గురిలో పూర్తిగా అబద్ధం చెబుతున్నవారు లేరు. ముగ్గురూ కిలోమీటర్లలోనే మాట్లాడటం దగ్గరే చిక్కంతా ఉంది.

### మడ్డి ఎలా పుడుతుంది

మిర్చి బజ్జీల బండి మీద మూకుడు చూస్తే ఈ రసాయనం సగం అర్థమవుతుంది. ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాస్తుంటే అది నల్లబడి, చిక్కబడి, చివరికి మూకుడు అంచుల్లో గోకినా రాని జిగురుగా అంటుకుంటుంది. గాలిలోని ఆక్సిజన్ వేడి నూనెతో కలిసి దాని అణువులను ఒకదానికొకటి అతికిస్తుంది. ఇంజిన్‌లోనూ జరిగేది ఇదే. ఆయిల్ వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. చాంబర్‌లో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉన్నా, పిస్టన్ రింగుల దగ్గరికి చేరిన పలుచటి పొర 200 డిగ్రీలు దాటుతుంది.

మూకుడులో లేనివి ఇంజిన్‌లో మరికొన్ని ఉన్నాయి. సిలిండర్‌లో మండిన వాయువుల్లో కొంత రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది. దీన్ని బ్లో-బై అంటారు. నీటి ఆవిరి, మసి, కాలని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్లు అన్నీ అందులో ఉంటాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్‌లోంచి ఆవిరిగా పోయినా, రింగులు దాటిన కొద్ది భాగం చల్లటి ఇంజిన్ గోడల మీద చెమ్మగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ నీటితో కలిసి ఆమ్లాలవుతాయి, ఇంధనపు ముక్కలతో కలిసి జిగురవుతాయి.

వీటన్నిటినీ అడ్డుకోవడానికే ఆయిల్‌లో రసాయనాలు కలుపుతారు. మూల నూనె పోగా డబ్బాలో మోటుగా పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉండేవి ఇవే. డిటర్జెంట్లు ఆమ్లాలను విరుస్తాయి. డిస్పర్సెంట్లు ప్రతి మసి కణం చుట్టూ చేరి, రెండు కణాలు కలిసి గడ్డ కట్టకుండా దూరం పెడతాయి. యాంటీ ఆక్సిడెంట్లు నూనె కంటే ముందు తామే ఆక్సీకరణకు బలవుతాయి.

ఇక్కడొక విషయం చాలామంది దృష్టికి రాదు. ఈ రసాయనాలు ఉన్నంతసేపు ఆయిల్ బాగానే ఉంటుంది. అవి అయిపోయాక మాత్రం పతనం నిదానంగా ఉండదు. చిక్కదనం ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పటిదాకా తేలుతున్న మసి గడ్డలు కడుతుంది. "పోయినసారి 12,000 తిప్పినా ఏమీ కాలేదు, ఈసారి 15,000 తిప్పుదాం" అనే తర్కం అందుకే ప్రమాదకరం. ఆ 3,000 కిలోమీటర్లూ గట్టు దాటిన తర్వాతివి కావచ్చు.

ఆయిల్ నల్లబడటాన్ని మడ్డితో కలపకూడదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే కాటుకలా మారుతుంది. డిస్పర్సెంట్ తన పని తాను చేస్తోందనడానికి అది గుర్తు. సీఎన్‌జీ కార్లలో కథ తిరగబడుతుంది. మసి తక్కువ కాబట్టి ఆయిల్ తేనెరంగులోనే ఉంటుంది, కానీ మంట వేడికీ నైట్రోజన్ ఆక్సైడ్లకూ లోపల్లోపల చెడుతూనే ఉంటుంది. రంగు చూసి "ఇంకో 5,000 నడుస్తుంది" అనుకునేది ఎక్కువగా సీఎన్‌జీ యజమానులే.

### చలి మడ్డి, వేడి మడ్డి

చలి మడ్డి పాలమీగడలా, లేత గోధుమరంగు నురగలా ఉంటుంది. ఆయిల్ పోసే మూత అడుగున, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టం పైభాగాన కనిపిస్తుంది. ఇది నీరు, నూనె చిలికినట్టు కలిసిన ముద్ద. ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఇంటికి తిరిగే కారులో ఆయిల్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. డ్యాష్‌బోర్డు మీద కూలెంట్ సూది మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ కూడా వేడెక్కిందని కాదు, అది ఇంకా చాలాసేపు వెనకబడే ఉంటుంది. చెమ్మ ఆవిరై పోవాలంటే ఆయిల్ 100 డిగ్రీల దగ్గరికి చేరి కొంతసేపు అక్కడే ఉండాలి. అందుకు ఆగకుండా 20 నిమిషాలకు పైగా నడవాలి. ఇంటి ముందు నిలబెట్టి స్టార్ట్ చేసి ఉంచితే ఆ వేడి రాదు, పైగా పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది.

వేడి మడ్డి తారులా నల్లగా, ముదిరితే బొగ్గులా గట్టిగా ఉంటుంది. ఎండలో ఏసీ వేసుకుని గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలిచిన ఇంజిన్, టర్బో వేడి, చాంబర్‌లో తగ్గిపోయిన ఆయిల్, గడువు దాటిన ఆయిల్ దీనికి కారణాలు. చలి మడ్డిని ఒక మంచి హైవే ప్రయాణం చాలావరకు కరిగిస్తుంది. వేడి మడ్డి మీద హైవే ప్రయాణం ఏమీ చేయలేదు.

ఈ రెండిటికీ మధ్య కాపలా ఉండేది పీసీవీ వాల్వ్. బ్లో-బై వాయువులను పీల్చి తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న భాగం. అది మూసుకుపోతే ఆవిరి, ఆమ్లం అన్నీ లోపలే ఉడుకుతాయి. మడ్డి పీసీవీని మూస్తుంది, మూసుకున్న పీసీవీ మరింత మడ్డిని తెస్తుంది. కొన్ని వందల రూపాయల ఈ వాల్వ్ చాలా సర్వీస్ బిల్లుల్లో ఒక్కసారి కూడా కనిపించదు.

### ట్రాక్టర్‌కు ఉన్నది, కారుకు లేనిది

పల్లెల్లో ట్రాక్టర్ ఆయిల్ ఎవరూ కిలోమీటర్లు చూసి మార్చరు. మీటరు గంటల్లో ఉంటుంది, 250 గంటల చుట్టూ ఆయిల్ మారుస్తారు. జనరేటర్లకూ జేసీబీలకూ అదే పద్ధతి. దుక్కి దున్నే ఇంజిన్ ఎంత దూరం వెళ్లిందన్నది అర్థం లేని ప్రశ్న. మియాపూర్ సిగ్నల్ దగ్గర నిలబడ్డ కారు ఇంజిన్‌కూ ఆ ప్రశ్న అంతే.

లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు, మోటుగా 5 గంటలు. అదే ఇంజిన్ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసు వేళలో 11, 12 కిలోమీటర్లకు ముప్పావు గంట నడిస్తే, 7 ట్రిప్పులకే ఆ 5 గంటలు అయిపోతాయి. మీటరులో చేరేది 80 కిలోమీటర్లు. పైగా విజయవాడ దారిలో ఇంజిన్ ఒకటి రెండుసార్లు చల్లగా స్టార్ట్ అయితే, ఇక్కడ ఏడుసార్లు. ఓడోమీటర్‌కు రెండోది మూడో వంతు కన్నా తక్కువ. ఆయిల్‌కు మాత్రం మొదటిదానికన్నా ఎక్కువ.

ఆయిల్ నాణ్యతను పరీక్షించేవారు కూడా గంటల్లోనే కొలుస్తారు. స్లడ్జ్‌ను ఎంత అడ్డుకుంటుందో చూసే సీక్వెన్స్ వీహెచ్ అనే పరీక్షలో, దానికి ముందున్న వీజీ పరీక్షలో, ఫోర్డ్ 4.6 లీటర్ల ఇంజిన్‌ను 216 గంటలు నడుపుతారు. 4 గంటల చొప్పున 54 ఆవృత్తాలు. ప్రతి ఆవృత్తంలో తక్కువ వేడి దశ, మధ్యస్థ దశ, నిలబెట్టి నడిపే దశ ఉంటాయి. సిటీ ట్రాఫిక్‌ను ప్రయోగశాలలోకి తెచ్చినట్టే. చివర్లో ఇంజిన్ విప్పి పైనుండే రాకర్ (టాపెట్) కవర్లు, పంపులోకి వెళ్లే ఆయిల్‌ను వడకట్టే స్ట్రైనర్ జాలీ, రింగులు చూసి మార్కులు వేస్తారు.

ట్రాక్టర్ గడువును కారుకు యథాతథంగా అంటగట్టలేం, ఇంజిన్లు వేరు, ఆయిళ్లు వేరు. అయినా అంకెలు కలుస్తాయి. గంటకు 40 కిలోమీటర్ల సగటుతో 250 గంటలంటే సరిగ్గా 10,000 కిలోమీటర్లు, అంటే సర్వీస్ బుక్కు చెప్పేదే. 20 సగటుతో 5,000, మెకానిక్ చెప్పేది. 60 సగటుతో 15,000, ఆయిల్ అమ్మేవాడు చెప్పేది. ముగ్గురూ మూడు రకాల కార్ల గురించి మాట్లాడుతున్నారు.

గంటల మీటరు లేకపోయినా లెక్క కట్టొచ్చు. ఆయిల్ మార్చిన రోజు ట్రిప్-బి మీటరును సున్నా చేయాలి. సగటు వేగం చూపే కార్లలో ఆ అంకెతో దూరాన్ని భాగిస్తే గంటలు వస్తాయి. 4,600 కిలోమీటర్లు, సగటు 19 అని చూపితే 242 గంటలు. కంపెనీ గడువుకు ఇంకా 5,400 ఉన్నా ఆయిల్ మార్చే వేళ అయింది. మాన్యువల్ చివర్లో "కఠిన పరిస్థితులు" అని ఒక పట్టిక ఉంటుంది. సాధారణంగా 8 కిలోమీటర్లలోపు ప్రయాణాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్ (నిలబెట్టి నడపడం), దుమ్ము రోడ్లు, బరువు లాగడం అందులో ఉంటాయి. మన నగరాల్లో ఆ పట్టికలోకి రాని కారు దొరకడమే కష్టం. అయినా ఆ పేజీ తిప్పేవారు అరుదు.

### అమెరికాలో పాతికేళ్ల కిందటి పాఠం

1990ల చివర్లో అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కారు టొయోటా క్యామ్రీ. 1997 నుంచి 2002 దాకా వచ్చిన క్యామ్రీ, సియెన్నా, అవలాన్, లెక్సస్ ఈఎస్300 వంటి కార్లలోని 3 లీటర్ల వీ6, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్లు మడ్డి కట్టాయి. సరిగా ఆయిల్ మార్చకపోవడమే కారణమని కంపెనీ అంది. మార్చాం, బిల్లులు ఇవిగో అని యజమానులు వాదించారు. 2002లో కంపెనీ సుమారు 33 లక్షల వాహనాలకు, కొన్న నాటి నుంచి 8 ఏళ్లపాటు, దూరం పరిమితి లేకుండా మడ్డి మరమ్మతు చేస్తామని ప్రకటించింది. కోర్టు దావా 2007లో రాజీతో ముగిసింది. అప్పట్లో ఆ కార్లకు మామూలు గడువు 7,500 మైళ్లు, అంటే 12,000 కిలోమీటర్లు. తర్వాత కంపెనీ దాన్ని 5,000 మైళ్లకు, అంటే 8,000 కిలోమీటర్లకు తగ్గించింది.

ఫోక్స్‌వ్యాగన్ 1.8 లీటర్ల టర్బో ఉదంతం ఇంకా స్పష్టంగా ఉంటుంది. పస్సాట్‌లో, ఆడి ఏ4లో ఈ ఇంజిన్ నిలువుగా, అంటే కారు పొడవునా కూర్చుంటుంది. చాంబర్‌లో పట్టే ఆయిల్ 4 లీటర్లలోపే, ఫిల్టరూ చిన్నది. గోల్ఫ్, జెట్టాల్లో అదే ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, ఆయిల్ ఎక్కువ పడుతుంది. మడ్డి గొడవంతా నిలువు ఇంజిన్లదే. కంపెనీ 8 ఏళ్ల పొడిగింపు వారంటీ ఇచ్చింది కూడా వాటికే. టర్బో అదే, మంట అదే. ఆ మంట పంచుకోవడానికి లీటర్లు తక్కువైతే ఒక్కో లీటరు మీద భారం ఎక్కువ. సాబ్ 9-5, 9-3ల్లోనైతే క్యాటలిటిక్ కన్వర్టర్ చాంబర్ పక్కనే ఉండి ఆయిల్‌ను కాల్చేది. పీసీవీ వ్యవస్థను కంపెనీ ఒకటికి నాలుగుసార్లు సవరించింది.

ఈ మూడు ఉదంతాల్లోనూ యజమాని అశ్రద్ధ, ఇంజిన్ రూపకల్పన రెండూ కలిశాయి. మంచి డిజైన్ ఇంజిన్ ఆలస్యాన్ని క్షమిస్తుంది, ఇరుకు డిజైన్ ఇంజిన్ క్షమించదు. ఈ కొలమానంతో ఇక్కడి కార్లను చూస్తే ఒకటి తోస్తుంది. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే చిన్న కార్లలో పట్టే ఆయిల్ సుమారు 3 నుంచి 3.5 లీటర్లు. అర లీటరు తాగేసిన ఇంజిన్‌లో మిగిలిన ఆయిల్ మీద ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా అదనపు భారం పడుతుంది. డిప్‌స్టిక్ చూడకుండా సర్వీసు నుంచి సర్వీసుకు నడిపే అలవాటు పెద్ద కార్ల కంటే చిన్న కార్లనే ఎక్కువ దెబ్బతీస్తుంది.

### ఇక్కడి రోడ్లు, ఇక్కడి అలవాట్లు

థర్మోస్టాట్ తీసేయడం. ఇంజిన్ వేడెక్కుతోందని వస్తే కొన్ని గ్యారేజీల్లో మొదట చేసే పని ఇదే. "మన ఎండలకు ఇది అక్కర్లేదు" అంటారు. 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన తలుపును పీకేస్తే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండానే తిరుగుతుంది, ఇంజిన్ ఎప్పుడూ చలిగానే నడుస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, చెమ్మ ఆయిల్‌లో మిగులుతుంది. మే నెల రామగుండంలో కూడా చలి మడ్డి పట్టించగల పద్ధతి ఇది. పాడైతే కొత్తది వేయాలి, ఖాళీగా వదలకూడదు.

బీఎస్-6 డీజిల్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ కార్లలో చాలావాటికి మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పోగైన మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. అందులో కొంత సిలిండర్ గోడ మీదుగా చాంబర్‌లోకి దిగుతుంది. హైవే మీద ఆ పని ఏకబిగిన పూర్తవుతుంది. సిటీలో సగంలో ఇంజిన్ ఆపేస్తే మళ్లీ మొదలు, మళ్లీ డీజిల్. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గే బదులు పెరుగుతుంటే కారణం ఇదే. గరిష్ఠ గీత దాటితే గడువు చూడకుండా మార్చాలి. ఈ కార్లకు బూడిద తక్కువ ఉండే ఆయిలే వాడాలి, పాత డీజిల్ ఆయిల్ పోస్తే డీపీఎఫ్ మూసుకుపోతుంది.

చిన్న టర్బో పెట్రోళ్లు. లీటరు ఇంజిన్‌తో లీటరున్నర పని చేయించే ఇవి ఆయిల్‌ను ఎక్కువ వేడి చేస్తాయి. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చల్లే రకాల్లో ఆయిల్ పలచబడటం కూడా ఎక్కువ. ఘాట్ రోడ్డు ఎక్కి దిగిన వెంటనే, హైవే మీద వేగంగా వచ్చి ధాబా ముందు ఆగిన వెంటనే ఆపేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే టర్బో గొట్టంలో ఆయిల్ మాడదు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ వంటి ఇంజిన్లలో తప్పుడు ఆయిల్, ఆలస్యమైన మార్పు బెల్టునే పొట్టుగా రాలుస్తాయి. స్ట్రైనర్‌ను మడ్డి మూసినా ఆ పొట్టు మూసినా ఫలితం ఒకటే.

ఈ20. 2025కల్లా బంకుల్లో మామూలు పెట్రోలే 20 శాతం ఇథనాల్ పెట్రోలు అయింది. చల్లటి ఇంజిన్‌లో ఇథనాల్ పెట్రోలంత తేలిగ్గా ఆవిరి కాదు, నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి పొట్టి ప్రయాణాలే చేసే కారులో ఆయిల్‌లోకి చేరే ఇంధనం, చెమ్మ కొంత పెరిగే వీలుంది. ఐతే మంచు దేశాలతో పోలిస్తే ఇక్కడ ఉదయపు స్టార్టింగ్ కూడా వెచ్చగానే ఉంటుంది. దశాబ్దాలుగా ఇంతకన్నా ఎక్కువ ఇథనాల్‌తో బ్రెజిల్ కార్లు నడుస్తున్నాయి. మడ్డికి నిందంతా ఈ20 మీద వేయడం తొందరపాటు. పొట్టి ప్రయాణాల కారుకు ఆయిల్ గడువును ఏడాదికి బదులు ఆరు నెలలు చేసుకోవడానికి మాత్రం ఇదొక అదనపు కారణం.

### ఎలా పసిగట్టాలి

ఆయిల్ మూత విప్పి అడుగు చూడటం మొదటి పని. తేనెరంగు పలుచటి మరక సహజం. మీగడ ఉంటే డిప్‌స్టిక్ కూడా తీసి చూడాలి. మూత కింద మాత్రమే ఉంటే చెమ్మ. డిప్‌స్టిక్ మీద కూడా ఉండి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ లీకై కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి. ఇది ఆయిల్ మారిస్తే పోయేది కాదు.

మూత రంధ్రంలోంచి టార్చి వేస్తే వాల్వ్‌లను తెరిచే క్యామ్ షాఫ్ట్ కనిపిస్తుంది. లోహం మెరుస్తుంటే భయం లేదు. తారు ముద్దలు కనిపిస్తే టాపెట్ కవర్ విప్పాలి. పీసీవీ పరీక్షకు ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా మూత తీసి రంధ్రం మీద చిన్న కాగితం పెట్టాలి. అది మెల్లగా లోపలికి అతుక్కుంటే పీసీవీ పనిచేస్తోంది. ఎగిరిపడుతూ పొగ చిమ్మితే పీసీవీ మూసుకుంది లేదా రింగులు అరిగాయి.

ఉదయం స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు టకటకమనే టాపెట్ శబ్దం, చైన్ గలగల, ఐడ్లింగ్‌లో తడబాటు, వాల్వ్ టైమింగ్ లోపాన్ని చూపే చెక్ ఇంజిన్ దీపం. ఇవన్నీ సన్నటి ఆయిల్ దారులు ఇరుకైనప్పుడు వచ్చేవే. 1,000 కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తగ్గిపోతుంటే ఆయిల్ రింగు వెనక రంధ్రాలు మడ్డితో మూసుకున్నాయేమో చూడాలి.

ఎర్రటి ఆయిల్ దీపాన్ని నమ్ముకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. దాని స్విచ్ సాధారణంగా అర బార్ లోపు ప్రెషర్‌కు గానీ పనిచేయదు. 3 బార్లు ఉండాల్సిన చోట ఒకటే ఉన్నా దీపం వెలగదు, బేరింగులు మాత్రం అరుగుతుంటాయి. అనుమానం ఉంటే స్విచ్ విప్పి అక్కడ గేజ్ పెట్టించాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక వచ్చే రీడింగును సర్వీస్ మాన్యువల్‌తో పోల్చాలి. మాన్యువల్ దొరక్కపోతే ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ అన్న పాత మెకానిక్‌ల లెక్క అక్కరకొస్తుంది.

### ఆయిల్ మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు

చల్లటి ఇంజిన్‌లోంచి ఆయిల్ దించితే మసి అడుగునే మిగులుతుంది. 10 నిమిషాలు నడిపాక, సమతలమైన చోట చాంబర్ అడుగు నట్ విప్పి, ధార ఆగి బొట్లు పడే దాకా 10, 15 నిమిషాలు వదలాలి. డిప్‌స్టిక్ గొట్టంలోంచి మిషన్‌తో లాగే పద్ధతి శుభ్రమైన ఇంజిన్‌కు చెల్లుతుంది, మడ్డి అనుమానం ఉన్నదానికి చెల్లదు. నట్ వాషర్ ప్రతిసారీ కొత్తది.

ఫిల్టర్ ప్రతిసారీ మార్చాలి. ఫిల్టర్ మూసుకుంటే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే బేరింగులకు పంపుతుంది. ఆయిల్ లేకపోవడం కన్నా మురికి ఆయిల్ నయమని చేసిన ఏర్పాటు అది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పాత రబ్బరు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో చూడాలి, రెండు రబ్బర్ల మీద బిగించిన ఫిల్టర్ దారిలో కారుతుంది.

మాన్యువల్ చెప్పినదానికన్నా పావు లీటరు తక్కువ పోసి, ఒక నిమిషం నడిపి ఆపి, 5 నిమిషాల తర్వాత చూసి మిగతాది పోయాలి. చాలా కార్లలో డిప్‌స్టిక్ రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరు. గరిష్ఠ గీత దాటితే లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, గాలి కలిసిన ఆయిల్ ఇంకా త్వరగా చెడుతుంది.

పలుచటి 0డబ్ల్యూ-20 గ్రేడు ఆయిల్ అడిగే ఇంజిన్‌లో "చిక్కగా ఉంటే బలం" అని 20డబ్ల్యూ-40 పోస్తే సన్నటి దారుల్లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. మడ్డితో సగం మూసుకున్న స్ట్రైనర్ ఉంటే పంపు దాన్ని లాగలేదు. మాన్యువల్‌లోని గ్రేడు, పెట్రోలు ఇంజిన్‌కు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ వంటి కొత్త ప్రమాణం చూసుకోవడం ముఖ్యం. 2020 మేలో వచ్చిన ఎస్‌పీ పరీక్షల్లో స్లడ్జ్ నిరోధం ఒక భాగం. సింథటిక్ ఆయిల్ వేడిని బాగా తట్టుకుంటుంది. ఐతే దానిలో పడిన నీరు కూడా నీరే, మసి కూడా మసే. గడువును రెట్టింపు చేసే మంత్రం కాదు. నకిలీ సరుకు బెడద వేరు. సిసలు కంపెనీ ఖాళీ డబ్బాలను కొని, నింపి అమ్మేవారుంటారు. సర్వీస్ అయ్యాక ఖాళీ డబ్బా మూతకు, అడుగుకు కన్నం పెట్టించి వదలడం మంచిది.

### మడ్డి పట్టాక

మూత కింద, క్యామ్ మీద జిగురు మరకలే ఉండి ప్రెషర్ సరిగా ఉంటే తొందర అక్కర్లేదు. సరైన గ్రేడు మంచి ఆయిల్ పోసి 2,000 కిలోమీటర్లకోసారి ఫిల్టర్‌తో సహా రెండు మూడుసార్లు మార్చాలి, పీసీవీ కొత్తది వేయాలి. కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్లు పొరను పొరలుగానే కరిగిస్తాయి, ముక్కలుగా ఊడగొట్టవు.

ముద్దలు కనిపిస్తే ఫ్లష్ జోలికి పోకూడదు. ఆయిల్‌లో కలిపి 10, 15 నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచే ఫ్లష్ ద్రావణాలు ముద్దలను ఊడదీస్తాయి. ఊడినవి మొదట చేరేది స్ట్రైనర్ జాలీకే. ఫ్లష్ చేయించిన వారంలోనే ఇంజిన్ పట్టేసిందన్న ఫిర్యాదుల వెనక ఉండేది ఇదే. కొన్నిచోట్ల డీజిలో కిరోసినో పోసి ఇంజిన్ నడుపుతారు. అది ఇంకా చెడ్డది. బేరింగుల మీద ఆయిల్ పొర పలచబడుతుంది, దించేశాక కూడా దారుల్లో మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఈ దశలో చాంబర్, టాపెట్ కవర్ రెండూ విప్పి, గీకి తీసి, స్ట్రైనర్‌ను బయట డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగి పూర్తిగా ఆరబెట్టి బిగించాలి. వాల్వ్ టైమింగ్ సోలెనాయిడ్ జాలీ, టర్బో ఉంటే దాని ఆయిల్ గొట్టం కూడా చూడాలి. తర్వాత మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లకు, రెండోది 1,500కు దించేయాలి. ఒకటి రెండు రోజుల పని, కొన్ని వేల ఖర్చు.

వేడి ఐడ్లింగ్‌లో ప్రెషర్ దీపం మినుకుమంటే కారు నడుపుకుంటూ గ్యారేజీకి వెళ్లకూడదు, లాగించాలి. అప్పటికే బేరింగు షెల్స్ మీద రాగి రంగు బయటపడి ఉంటే ఇంజిన్ పూర్తిగా దించాలి, లెక్క వేల నుంచి లక్ష వైపు పోతుంది.

### పాత కారు కొనేవారు, వారంటీలో ఉన్నవారు

టొయోటా ఉదంతంలో ఉచిత మరమ్మతు కావాలంటే ఆయిల్ మార్పులకు సహేతుకమైన రుజువు అడిగారు. ఇక్కడా వారంటీ దావాలో మొదట అడిగేది సర్వీస్ చరిత్రే. బయట మార్పించినా ఆయిల్ గ్రేడు, లీటర్లు, ఫిల్టర్, తేదీ, ఓడోమీటర్ రాసిన బిల్లు ఉంచుకోవాలి.

పాత కారు చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పాలి. అప్పుడే మూత విప్పితే తుడవని అడుగు కనిపిస్తుంది, స్టార్ట్ చేస్తే మొదటి రెండు సెకన్ల శబ్దం వినిపిస్తుంది. 8 ఏళ్లకు 40,000 కిలోమీటర్లే తిరిగిందని మురిసిపోయే ముందు సర్వీస్ బిల్లుల తేదీలు లెక్కపెట్టాలి. 10,000కోసారి మార్చామంటే నాలుగే మార్పులు, ఒక్కో ఆయిల్ రెండేళ్లు చాంబర్‌లో కూర్చుంది. ఏటా 15,000 తిరిగి ఎనిమిదిసార్లో పదిసార్లో ఆయిల్ మారిన లక్షా ఇరవై వేల కిలోమీటర్ల హైవే కారు టాపెట్ కవర్ కింద దానికన్నా శుభ్రంగా ఉండటం మెకానిక్‌లకు కొత్త కాదు.